రాహేలమ్మ చాటలో బియ్యం

తనకల్లు నుంచి రాహేలమ్మ 1974లో ధర్మవరం వచ్చి, ఆసుపత్రిలో ఆయాగా చేరి, మా మగ్గాల వీధిలో అద్దెకు దిగింది. ఏ ఊళ్లో ఉన్నా క్రిస్మస్ నాడు ఇరుగుపొరుగుకు పెట్టకుండా తాను తినకూడదని ఆమె నియమం. మా వీధి సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కులం తక్కువని ఆమె వండింది ఎవరూ ముట్టరు. అది తెలిసే ఆమె ఏటా చాటలో బియ్యం, బెల్లం పెట్టుకుని ఇంటింటికీ వచ్చేది.

"మా యేసయ్య పుట్టినదినమమ్మా, మీరే వండుకోండి" అని నవ్వేది.

వండనివి కనుక అందరూ తీసుకునేవాళ్లు.

ఒక ఏడు పక్కింటి చౌడేశ్వరికి టైఫాయిడ్ వచ్చింది. రాహేలమ్మ డ్యూటీ దిగి రాగానే ఆమె ఒళ్లు తుడిచేది, తల దువ్వేది. గంజి మాత్రం చౌడేశ్వరి కూతురి చేతనే కాయించేది.

ఆ క్రిస్మస్‌కు చాటతో వచ్చిన రాహేలమ్మ చేతికి చౌడేశ్వరి ఒక ఖాళీ గిన్నె ఇచ్చింది.

"ఇవన్నీ నువ్వే తీసుకోని పో. పాయసం చేసి దీంట్లో తీసుకురా. నీ చేతిది తినాలనుండాది."

ఆ పాయసాన్ని చౌడేశ్వరి అరుగు మీద కూర్చుని, వీధంతా చూస్తుండగా తినింది. చూస్తూ నిలబడిన మా అమ్మ, గిన్నె కోసం లోపలికి పోయింది.