తుపాకికి కాపలా

అనకాపల్లి గవరపాలెంలో లోవలక్ష్మి ఇంటికి శుభలేఖ తెచ్చినవాళ్లు "తప్పకుండా రావాలమ్మా" అని మాటవరసకి అని వెళ్లిపోతారు. పొరుగూరి పెళ్లయితే ఆవిడ రాదని వాళ్లకి తెలుసు. దగ్గర పెళ్లయితే వస్తుంది, విస్తరి ముందు నుంచి లేవగానే ఆటో ఎక్కేస్తుంది. రాత్రిపూట ఆ ఇల్లు విడిచి ఎక్కడా పడుకోదు. కారణం పడకగదిలో ఇనప బీరువాలో ఉంది.

అది ఆవిడ మామగారు ఎర్రయ్య చేయించుకున్న తుపాకి. బెల్లం వ్యాపారంలో పచ్చగా ఉన్న రోజుల్లో ఆయన కలకత్తాలో ఒక కంపెనీకి చెప్పి, ఏళ్ల తరబడి ఎదురుచూసి తెప్పించుకున్నాడు. కింద మీట లాగితే నోరు తెరుచుకుంటుంది, ఒక్క తూటా పడుతుంది. గురి తప్పితే మళ్లీ నింపుకోవాల్సిందే. "ఒక్క దెబ్బకి పడెయ్యలేనోడికి వేటెందుకు?" అనేవాడట. తీరా తుపాకి చేతికొచ్చేసరికి వేట మీద నిషేధం వచ్చింది. చెరుకు తోటల్లో అడవిపందుల పేరు చెప్పి లైసెన్సు నిలుపుకున్నాడు గాని, దాంతో ఒక్క జంతువునీ కొట్టలేదు. వచ్చినవాళ్లకి చూపించి మురిసిపోయేవాడు.

ఆయన తర్వాత లోవలక్ష్మి భర్త దేవీప్రసాద్ చేతికొచ్చింది. అతను గుండెపోటుతో పోయాక, పదకొండో రోజు భోజనాల దగ్గరే మరిది రాజుబాబు మాటెత్తాడు.

"లైసెన్సు నీ పేరున రాయించుకో వదినా. నాన్న చేయించిన వస్తువు పరాయిచేతుల్లోకి పోతే ఊళ్లో తలెత్తుకోలేం."

"నువ్వే ఉంచుకోరాదా?"

"విశాఖపట్నంలో ఫ్లాటు. నీ తోటికోడలు తుపాకంటే గుమ్మం తొక్కనివ్వదు. మా లోహిత్‌కి లైసెన్సిచ్చే వయసు, ఇరవయ్యొకటి, రానీ, వాడి పేరుకి మార్పించేద్దాం. అందాకా చూడు, చాలు."

పిల్లలు లేని మనిషి, అప్పుడే భర్తని పోగొట్టుకుంది. ఏం చెప్తే దానికి తలూపింది.

స్టేషన్లో హెడ్ కానిస్టేబులు తాతబ్బాయి మంచిగానే చెప్పాడు. "జాగర్తమ్మా. ఇది పోయిందంటే దొంగ కన్నా ముందు మిమ్మల్నే అడుగుతారు." ఆ మాట ఆవిడ మనసులో మేకులా దిగిపోయింది. ఆ రోజు నుంచీ కుక్క మొరిగినా లేచి బీరువా పిడి లాగి చూసుకునేది. పైవాటా అద్దెకిమ్మని అచ్యుతాపురం కంపెనీలో చేసే కుర్రాళ్లు అడిగితే, కొత్త మొహాలని పొమ్మంది. మాడుగులలో చెల్లెలు దుర్గాలక్ష్మికి ఆపరేషనయితే పొద్దున్న బస్సుకెళ్లి సాయంత్రం బస్సుకి లేచింది.

"ఒక్క రాత్రి నా పక్కన తొంగోలేవా అప్పా?" అంది చెల్లెలు మంచం మీంచి.

"ఇంట్లో అదుంది కదే."

"అదేటి, సంటిపిల్లా? ఏడుత్తదా?"

లోవలక్ష్మి బస్సులో దారిపొడవునా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. ఆ కాసిన్ని వారాలూ ఆవిడ మాడుగులలో చెల్లెలింటి అరుగు మీద హాయిగా నిద్రపోయేది. ఫలితాలొచ్చాక స్టేషన్ నుంచి ఫోనొస్తే, గుడ్డ చుట్టిన తుపాకిని ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చుకునేది.

ఎదురుచూసిన పుట్టినరోజు వచ్చింది. ఆవిడే లోహిత్‌కి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో చదువుకుంటున్న ఆ పిల్లాడు ఇబ్బందిగా నవ్వాడు. "నాకెందుకు పెద్దమ్మా? హాస్టల్లో ఎక్కడ పెట్టుకోను? అయినా జంతువుల్ని చంపేది ఇంట్లో ఉంటే నాకు నచ్చదు."

వాడి మీద కోపం రాలేదు. ఇన్నేళ్లూ తనని నిలబెట్టిన గడువు మాత్రం ఒక్క మాటతో ఎగిరిపోయింది.

అప్పుడు మొదటిసారి మరిదితో గట్టిగా మాట్లాడింది. "నీ కొడుకు వద్దన్నాడు. నేనమ్మేత్తాను." రాజుబాబు గొణిగి, అలిగి, చివరికి ఒప్పుకున్నాడు. హైదరాబాద్ నుంచి ధనరాజ్ అనే ఆయన వచ్చాడు. పాత తుపాకులు సేకరిస్తాడు, లైసెన్సుంది, మర్యాదస్తుడు. చేతికి తెల్లటి తొడుగులు వేసుకుని, తుపాకిని కిటికీ వెలుతురులోకి తిప్పాడు. ఉక్కు మీద నగిషీ ఒక్కసారి మెరిసింది. ఒకవైపు చెరుకులోంచి దూసుకొస్తున్న పంది. చెక్కినవాడు చెరుకుతోట ఎన్నడూ చూడలేదేమో, గడలు వెదురుబొంగుల్లా ఉన్నాయి. రెండోవైపు వాగులో నీళ్లు తాగుతున్న లేడి. దాని కాళ్ల దగ్గర, గడ్డిలో, వడ్లగింజంత పిట్ట. నెలనెలా నూనెగుడ్డతో తుడుస్తూ, భర్త పోయిన ఏడాది ఆ పిట్టని ఆవిడే కనిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

"అద్భుతమమ్మా," అన్నాడు ధనరాజ్ భూతద్దం దించి. "ఇక్కడ కొంచెం అరిగింది. మా పనివాడి చేత పాలిష్ చేయించి, ఈ గీతలన్నీ మళ్లీ కొత్తగా చెక్కిస్తాను. చెయ్యి పడినట్టే ఉండదు."

అరిగింది తుడిచేటప్పుడు ఆవిడ బొటనవేలు తిరిగే చోటే, ఆ పిట్ట పక్కనే.

"వద్దు బాబూ," అంది లోవలక్ష్మి. తన నోటివెంట వచ్చిన మాటకి తనే బిత్తరపోయింది. ఆయన చెక్కించనులెండి అన్నాడు, బతిమాలాడు. ఆవిడ తుపాకి అందుకుని గుడ్డలో చుట్టేసింది. "క్షమించండి. ఇవ్వలేను."

రాజుబాబు చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు, మా వదిన వంశం పరువు నిలబెట్టిందని. ఆ పొగడ్త వింటుంటే ఒళ్లు మండిపోయింది ఆవిడకి. పరువు కోసం కాదని ఎవరికి చెప్తుంది? ఇక అమ్ముతానన్నా నమ్మేవాళ్లుండరు.

సంగతి తెలిసి దుర్గాలక్ష్మి తనే బస్సెక్కి వచ్చింది. "ఏదీ, సూపించు," అంది. మంచం మీద గుడ్డ విప్పితే, కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బాగుందప్పా. నిజంగా బాగుంది," అంది మెల్లగా. "మరి నువ్వు బాగున్నావా?"

"ఇన్నాళ్లూ తాళం మరిది సేతిలో ఉందనుకున్నానే. తలుపు తీసినా బయటికి రాలేకపోయేను."

చెల్లెలు అక్క భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. ఆ వారమంతా అనకాపల్లిలోనే ఉండిపోయి, వెళ్లేటప్పుడు తమ ఊరి మోదకొండమ్మ పండక్కి రమ్మని గుమ్మంలో నిలబడి మరీ పిలిచింది.

లోవలక్ష్మి చీరొకటి సంచిలో సర్దుకుంది కూడా. పండగ నాటి సాయంత్రం మాడుగుల బస్సు కోసం ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వెళ్లి, బస్సొచ్చాక ఎక్కకుండా, ఆటో కట్టించుకుని ఇంటికొచ్చేసింది.