బాబాయి విప్పి ఇచ్చిన చక్రం

అమలాపురంలో ఎర్ర వంతెన దాటాక టైర్లు బాగుచేసే కొట్టు ఒకటుంది. మొన్న వేసవిలో నా స్కూటరు చక్రంలో మేకు దిగితే అక్కడ ఆపి, తాటాకు పందిరి నీడలోకి జరిగి నిలబడ్డాను. కొట్టతను ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, చిన్న గొట్టంలోంచి జిగురు పిండాడు. రబ్బరూ పెట్రోలూ కలిసినట్టు కొంచెం తియ్యగా, కొంచెం తల తిప్పేలా ఉండే ఆ వాసన తగలగానే నేను అమలాపురంలో లేను. ముక్తేశ్వరంలో, కాలవ అవతల మా పేటలో, మామ్మ ఇంటి అరుగు మీద ఉన్నాను. మామ్మంటే నాన్నగారి అమ్మ. ఆ అరుగు మీద మా దేవదానం బాబాయి మఠం వేసుకుని కూర్చుని, సన్నటి సైకిలు చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్ల వంటికి నూనె రాసినంత ఓపికగా, టైరు అంటించడానికి దాని అంచుకు జిగురు రాస్తుండేవాడు.

క్రిస్మస్ వెళ్ళిపోయినా ఇంటి ముందు వెదురుగడకు కట్టిన కాగితపు నక్షత్రాన్ని మంచుకు తడిసి రంగు కారేదాకా తీసేవాళ్ళం కాదు. పాకుండల డబ్బా అడుగున మిగిలిన బెల్లం పొడిని వేలితో అద్దుకు తినడం, కుంపట్లో కాల్చిన తేగలను చీల్చి లోపల చందమామ అనే లేత మొలకను ఎవరు ముందు నోట్లో వేసుకోవాలో తగవు పడటం, కొబ్బరి బొండాలకు పుల్ల గుచ్చి బండి చేసుకుని కాలవగట్టు పొడవునా తోసుకుంటూ పరుగెత్తడం, రెండో పంట దాళ్వా ఊడ్పులకు దమ్ము చేసిన చేలలోంచి వచ్చే బురద కమ్మదనం, వీటన్నిటి మధ్యకీ బాబాయి సెలవు మీద వచ్చేవాడు. పొద్దు పొడవకముందే మంచులోకి సైకిలేసుకుని వెళ్ళిపోయి, కొత్తపేటదాకా తొక్కి, మేం చద్దన్నాలకు కూర్చునే వేళకు చెమటతో తిరిగొచ్చి, మామ్మ ఉడకబెట్టిన చిలగడదుంపలూ అరటిపళ్ళూ పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తినేవాడు.

అన్నిటికన్నా మాకు వింత, అతను నూతి దగ్గర కూర్చుని కాళ్ళకు సబ్బు రాసుకుని నున్నగా గొరుక్కోవడం. పడి దోక్కుపోతే గాయం తొందరగా మానుతుందని అతను చెప్పినా మామ్మకు నచ్చేది కాదు. "పాస్టర్ గారు చూసేరంటే ఏవనుకుంటారురా, పంచె దించుకో" అని చాటుగా కసిరేది. అతను నవ్వుతూ, తడికాళ్ళతోనే మమ్మల్ని సైకిలు బారు మీద ఎక్కించుకుని లాకులదాకా తిప్పేవాడు. చెవుల్లో గాలి హోరెత్తేది. ఆ హోరు ఇప్పటికీ నేను ఏ వాహనంలోనూ వినలేదు.

మా తాత ఆ ఊరి పెద్దరైతు ఇంట పాలేరు. ఆ రైతు పంచాయతీ ప్రెసిడెంటు పదవి ఎప్పుడో వదిలేసినా ఊరంతా ప్రెసిడెంటుగారనే పిలిచేది. తాత ఆయన పొలంలో ధాన్యం బస్తాలు మోసి, ఆయన తోటలో కొబ్బరికాయలు మోసి, నడుము వంగిపోయి చనిపోయాడు. ఆ మోతలోంచే నాన్న చదువుకుని హెడ్మాస్టరయ్యాడు. బాబాయి మాత్రం కాలేజీకి వెళ్ళేటప్పుడు అమలాపురం బస్సుతో పందెం వేసి తొక్కితొక్కి, జిల్లా పోటీల్లో గెలిచి, ఎక్కడో ఉత్తరాదిన ఒక కంపెనీ నడిపే జట్టులో జీతానికి చేరాడు. సైకిలు తొక్కితే జీతమేమిటని పేటలో చాలాకాలం ఎవరూ నమ్మలేదు.

నమ్మే రోజు నేను అయిదో తరగతిలో ఉండగా వచ్చింది. రోజుకో ఊరినుంచి ఇంకో ఊరికి తొక్కుతూ కొన్నాళ్ళపాటు సాగే పెద్ద పందెం ఒకటి ఆ ఏడు మా జిల్లాల మీదుగా పెట్టారు. అన్ని రోజుల సమయమూ కలిపితే ఎవరిది తక్కువైతే వారిది గెలుపు. అందులో ఒక రోజు దారి రావులపాలెంలో మొదలై, కొత్తపేట, అయినవిల్లి, మా ముక్తేశ్వరం, అమలాపురం మీదుగా రాజోలు వెళుతుంది. బాబాయి జట్టు కెప్టెన్ అప్పటికి అందరికన్నా ముందున్నాడు. కెప్టెన్ ముందు తొక్కుతూ ఎదురుగాలిని తన ఒంటిమీద తీసుకోవడం, అతనికి నీళ్ళు అందించడం, అతనికి ఏ అవసరం వచ్చినా తీర్చడం, అదీ బాబాయి ఉద్యోగం. ఈ సంగతి బాబాయి చెప్పే ఉంటాడు, కానీ మాలో ఎవరూ వినిపించుకోలేదు. మనవాడు ముందొస్తాడు, అంతే.

ఆ రోజు బడికి సెలవిచ్చారు. నాన్న మమ్మల్ని కాలవగట్టు రోడ్డు పక్కన వరసగా నిలబెట్టాడు. చర్చి యువకులు గుడ్డమీద బాబాయి పేరు రాసి రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టారు. మామ్మ పెళ్ళిళ్ళకు తప్ప తియ్యని తెల్లచీర కట్టుకుని, ఇత్తడి చెంబులో బొండంనీళ్ళు పట్టుకుని తూము మీద నిలబడింది. అన్నిటికన్నా పెద్ద వింత, ప్రెసిడెంటుగారు బంతిపూల దండ తెప్పించి, మా పేట మొదట్లో మలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అంతకు ముందు ఆయన ఆ మలుపు దాటి మావైపు రావడం ఎవరూ ఎరుగరు. నాన్న ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు.

ముందు పోలీసు మోటార్ సైకిలు, వెనక దుమ్ము, ఆ దుమ్ములోంచి నలుగురైదుగురు. అందరికన్నా ముందు బాబాయి, తల వంచుకుని, మంచులో తొక్కినప్పటిలాగే. మేం అరిచిన అరుపుకు కాలవ మీది కొంగలు లేచిపోయాయి. అతను తలెత్తి మామ్మను చూశాడు, నవ్వాడు, మా ముందునుంచి రివ్వున దాటిపోయాడు. సరిగ్గా అప్పుడే అతని వెనక వస్తున్న కెప్టెన్ చెయ్యెత్తి ఏదో అరుస్తూ ప్రెసిడెంటుగారి కుర్చీకి ఎదురుగా ఆగిపోయాడు. ముందు చక్రం గాలి పోయింది. కొత్త చక్రాలున్న జీపు, ఇరుకు గట్టుమీద, వెనకొచ్చే పెద్ద గుంపు దాటి రాలేక ఎక్కడో ఉండిపోయింది.

బాబాయి వెనక్కి చూశాడు. బ్రేకు వేసి, సైకిలు తిప్పి, మా వైపే వచ్చాడు. అతను దండకోసం వస్తున్నాడనుకుని యువకులు ఈలలు వేశారు. అతను ఎవరినీ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తన ముందు చక్రం విప్పి, కెప్టెన్ సైకిలుకు బిగించి, అతని నడుము పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తి ముందుకు తోశాడు. కెప్టెన్ వెనక్కి తిరిగి చూడకుండా మలుపు తిరిగిపోయాడు. తరవాత గుంపు మొత్తం ఈదురుగాలిలా మమ్మల్ని రాసుకుంటూ పోయింది. రోడ్డు మీద ఒంటిచక్రం సైకిలు పట్టుకుని బాబాయి మిగిలాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. మామ్మ చెంబు పట్టుకుని రెండడుగులు వేసి, వెళ్ళవచ్చో లేదో తెలియక ఆగిపోయింది. ప్రెసిడెంటుగారు దండను కుర్చీ చేతికి తగిలించి, కోపం లేకుండా, ఎంతో మర్యాదగా అన్నారు.

"ఎంత దూరం వెళ్ళినా మీవాళ్ళది మోసే పనేనన్నమాట మేష్టారూ."

నాన్న చేతులు కట్టుకుని, "ఆయ్, అంతేనండి" అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. కొన్ని గజాల దూరంలో నిలబడ్డ బాబాయీ విన్నాడు. అప్పటిదాకా మామూలుగా ఉన్న అతని మొహం ఏమైపోయిందో నేను చెప్పలేను. మామ్మ చివరికి అందించిన చెంబు కూడా అతను అందుకోలేదు.

జీపు వచ్చి చక్రం ఇచ్చేసరికి చాలా ఆలస్యమైంది. సముద్రపు గాలికి ఎదురుగా ఒక్కడే తొక్కుకుంటూ అతను రాజోలు చేరాడు, కానీ అప్పటికే గడువు దాటిపోయిందని పందెం నుంచి తీసేశారు. కెప్టెన్ చివరిరోజున గెలిచాడు. పేపర్లో పడిన ఫొటోలో జట్టంతా ఉంది, బాబాయి లేడు. రాజోలు చేరిన మర్నాడు సాయంత్రమే అతను సంచీతో ఇంటికి వచ్చాడు. మామ్మ పెట్టిన అన్నం ముందు కూర్చుని, కలపకుండానే, నాన్నతో అన్నాడు.

"చక్రం ఇవ్వడం నా ఉద్యోగం అన్నయ్యా. ఇష్టంగానే ఇచ్చేను. నువ్వు ఆయ్ అన్నావు చూడు, అదెవరి ఉద్యోగం?"

నాన్న లేచి అరుగు మీదికి వెళ్ళిపోయాడు. ఆ 'ఆయ్' నాన్నది కాదని, తాత వంగిన నడుములోంచి అలవాటుగా జారిపడిందని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. బాబాయికి ఆ రోజే తెలిసి ఉండాలి. తెలిసినా క్షమించలేదు, బహుశా తెలిసినందుకే క్షమించలేదు. ఆ ఏడాది చివర కంపెనీ అతన్ని వద్దంది. ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టరుగా చేరి, కాలినడకనే బడికి వెళ్ళి వచ్చేవాడు. మామ్మ సమాధి దగ్గర అన్నదమ్ములు చెరోవైపు నిలబడి మట్టి వేశారు. నాన్న పోయినప్పుడు బాబాయి వచ్చాడు, శవపెట్టె మోశాడు, ఇంటికి రాకుండా సమాధుల దగ్గర్నుంచే వెళ్ళిపోయాడు.

స్కూటరు బాగయ్యాక నేను ఆ రోజు ఇంటికి వెళ్ళకుండా ముక్తేశ్వరం వెళ్ళాను. బాబాయి ఇంట్లో అప్పటికే ఒక చుట్టం కాని చుట్టం ఉన్నాడు, ప్రెసిడెంటుగారి మనవడు. మంచి కుర్రాడు, హైదరాబాదులో చదివి వచ్చి, ఆదివారాలు స్నేహితులతో ఖరీదైన సైకిళ్ళ మీద అప్పనపల్లిదాకా వెళ్ళి వస్తుంటాడట. వాళ్ళ క్లబ్బుకు వార్షికోత్సవమట, ఒకప్పటి రేసుల మనిషి మన ఊళ్ళోనే ఉన్నాడని విని సన్మానానికి పిలవడానికి వచ్చాడు. పాత సంగతి అతనికి ఏమీ తెలియదు. ఎంతో గౌరవంగా అడిగాడు, "అప్పుడు మన ఊరు మీదుగా వెళ్ళిన రేసులో ఏమైందండీ?"

"ఓడిపోయేనండి" అన్నాడు బాబాయి. ఒంట్లో బాగుండటం లేదు, రాలేనని చెప్పి, గుమ్మందాకా వెళ్ళి సాగనంపాడు.

జరిగింది అది కాదు కదా, ఎందుకలా చెప్పావని నేను అడిగాను. అతను కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు.

"చక్రం విప్పి ఇచ్చేనని చెప్పినా ఆ కుర్రోడికి వాళ్ళ తాత అన్నట్టే వినపడతాదమ్మా."

తిరిగి వస్తూ కాలవగట్టు మీద బండి ఆపాను. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ తూమును పూడ్చేశారు. కొబ్బరిచెట్లు కొట్టేసిన చోట పెట్రోలు బంకు వచ్చింది. పేటలో ఇంటికొక ఉద్యోగస్తుడు ఉన్నాడు, మేడలున్నాయి, ప్రెసిడెంటుగారి ఇంటి వాళ్ళు ఇప్పుడు మా గుమ్మాల్లో కూర్చుని కాఫీ తాగుతారు. ఆ పందెం మళ్ళీ మావైపు రాలేదు. దాన్ని చూసినవాళ్ళలో ఎవరిని అడిగినా, మనవాడు ఒకడు తొక్కాడు, పాపం ఓడిపోయాడు అంటారు. చక్రం సంగతి ఎవరికీ గుర్తులేదు. నాన్న అన్న ఆ మాట సంగతి బాబాయికీ నాకూ మాత్రమే గుర్తుంది, మేమిద్దరమూ దాన్ని పైకి అనము.