దేవరకొండకని దేవరకద్ర బస్సెక్కిన రోజు

అరవైల మొదట్లో మహబూబ్‌నగర్‌లో బడిపంతులుగా ఉంటూ, సాయంత్రాలు పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవాణ్ణి. ఆ తరగతికి వచ్చే నర్సమ్మ మగ్గం నేస్తుంది. దేవరకొండలో ఉన్న ఆమె కూతురికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయని, దవాఖానలో చేర్చారని ఒకరోజు కబురొచ్చింది. అది తొలి కాన్పు. భర్త లేని నర్సమ్మ ఒంటరిగా ఎన్నడూ బస్సెక్కి ఎరగదు. తోడుగా నేను బయల్దేరాను.

మర్నాడు పొద్దున ఆరున్నరకల్లా బస్టాండు చేరాం. జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా నేరుగా దేవరకొండ పోయే బస్సు రోజుకొక్కటే, ఏడింటికి. అప్పటికే ఒక బస్సు కదలబోతోంది. బోర్డు మీద ‘దేవర’ కనబడగానే ఎక్కమన్నాను. నర్సమ్మ మాత్రం మెట్టు దగ్గర ఆగి, తెగిన పోగుల్ని ఒక్కొక్కటిగా పట్టి చూసుకున్నట్టు, వేలెత్తి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. ఆ అలవాటు మానిపించాలని మూడు నెలలుగా తంటాలు పడుతున్నాను. చిరాకేసి, మాటనంతా ఒక్క చూపులో చదవాలని మందలించాను. ఆమె వేలు దించి ఎక్కింది.

బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు మా దాకా వచ్చేసరికి మన్యంకొండ దగ్గరపడింది. దేవరకొండకు రెండు టికెట్లు అడిగాను.

"గిది దేవరకద్ర పోతాంది సార్," అన్నాడు.

మొదటి మూడక్షరాలూ ఒకటే, పొడవూ ఇంచుమించు ఒకటే. నా కన్ను మొదలు చూసి, మిగతాది మనసులో ఉన్న ఊరితో నింపేసుకుంది. మేం పోవాల్సిన దిక్కుకు అది ఎదురు దారి. మన్యంకొండ వరకే టికెట్టు కొట్టి మమ్మల్ని అక్కడ దింపాడు. ఎండలో తిరుగు బస్సు కోసం నిలబడి, నువ్వు బోర్డు చదివావా అని నర్సమ్మను అడిగాను.

"సదివిన సార్. కద్ర అనే ఉండె. సదువు చెప్పే సారు ఎక్కుమన్నంక, నేనే తప్పు సదివిన్నేమో అనుకున్న."

నాకు తలెత్తబుద్ధి కాలేదు.

వెనక్కి వచ్చేసరికి నేరుగా పోయే ఏడింటి బస్సు వెళ్లిపోయింది. కల్వకుర్తిలో బస్సు మారి, దీపాలు పెట్టే వేళకు దేవరకొండ చేరాం. మధ్యాహ్నమే ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. కూతురు మాత్రం తల్లిని చూడగానే ఏడ్చింది. పొద్దటి నుంచి నిన్నే పిలిచాను, ఎందుకు రాలేదని అడిగింది.

"బస్సు తప్పెక్కిన బిడ్డా. నాకు సదువు సరిగ్గ రాదు గద," అంది నర్సమ్మ, నా వైపు చూడకుండా.

తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. చదువు బాగా వచ్చిన కన్నే ఎక్కువ తొందరపడుతుందని ఆ రోజు తెలుసుకున్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లు బోర్డును చివరి అక్షరం దాకా చదవండి. పక్కనున్న మనిషి ఎక్కడానికి తటపటాయిస్తుంటే, తనేం చదివిందో ముందు అడగండి.