పెన్సిలుతో రాసిన అరవై

మా అమ్మాయి పెన్సిలు చెక్కుకుంటోంది. ఆ చెక్కపొట్టు వాసన తగలగానే లాప్‌టాప్ మీద నా చేతులు ఆగిపోయాయి. "క్యా హువా పాపా?" అని అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది కాని జవాబు మాత్రం హిందీలోనే. "ఏం లేదు బిడ్డా, మా మేడం యాదికొచ్చిన్రు," అన్నాను. ఘాజియాబాద్‌లోని మా ఇంట్లో ఆ వాసన వచ్చినప్పుడల్లా నేను ఢిల్లీలో, సాకేత్‌లోని మా పాత ఆఫీసులో, కరుణ మేడం పక్క కుర్చీలో ఉంటాను.

మేడం వాళ్లది తెనాలి. వాళ్లమ్మ నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు మా టీమ్‌కు మేడమే పెద్ద దిక్కు. అన్ని కంప్యూటర్ల మధ్య ఆమె బల్ల మీద మాత్రం ఒక పెన్సిలు, పసుపు చీటీల కట్ట ఉండేవి. ఏ సెట్టింగైనా తెరిచే ముందు అది ఎంత ఉంటుందని తాను అనుకుంటున్నారో చీటీ మీద రాసి, ఆ తర్వాతే చూసేవారు. సరిపోతే చీటీ చెత్తబుట్టలోకి పోయేది. తప్పయితే మానిటర్ అంచుకు, అందరికీ కనబడేలా అంటించేవారు. 'మేడం తోరణం' అని మేం నవ్వుకునేవాళ్లం. "దాచుకుంటే మళ్లీ అదే తప్పు చేస్తానయ్యా," అనేవారు. అంత అనుభవం ఉన్న మనిషి ఇలా చేయడమేమిటని నాకు వింతగా ఉండేది. అప్పటికి నాకు అన్నీ తెలుసు కదా!

మునిర్కాలో అద్దె గది, ఇంకా పర్మనెంట్ కాని ఉద్యోగం. అప్పుడు ఒక ఆసుపత్రి పని నా చేతికొచ్చింది. వచ్చే రద్దీని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ వాళ్లకు ముందే ఉంది. దాని సెట్టింగులన్నీ ఒక ఫైల్లో రాస్తే, మా సాఫ్ట్‌వేర్ పనిముట్టు అది చదివి క్లౌడ్‌లో అలాగే అమర్చుతుంది. ఉన్నవాటిని కదిలించకుండా వివరాలు మాత్రం అడిగి తెచ్చే వీలు కూడా అందులోనే ఉంది. నేను అడగలేదు. కనెక్షన్‌ను తెంచకుండా ఎంతసేపు ఆగాలన్న చోట, మామూలుగా ఉండేదే కదా అని, అరవై సెకన్లు రాసేశాను. మేడం ఫైలు చూసి సరేనన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్లు. స్కాన్ చిత్రాలు సగం ఎక్కి ఆగిపోతున్నాయి, డాక్టర్లు ఎదురుచూస్తున్నారు. పాత రికార్డు తీస్తే అక్కడ మూడు వందలుంది. పెద్ద చిత్రాల కోసం ఎవరో ఎప్పుడో పెంచారు, నేను మళ్లీ కిందికి దించాను. వెంటనే సరిచేశాం కాని, మేనేజర్ అందరినీ కూర్చోబెట్టి, "కిస్‌నే కియా?" అని, ఎవరు చేశారో చెప్పమన్నాడు. నేను నోరు తెరిచేలోపే మేడం, "మేరీ గల్తీ హై. మైంనే దేఖా నహీం," అని, తప్పు తనదేనని, తాను చూడలేదని చెప్పేశారు. నా పేరు రానేలేదు, ఉద్యోగం నిలిచింది.

బయటికొచ్చాక, "మేడం, నా కోసం అబద్ధమాడిన్రు. జిందగీల మర్వ," అన్నాను.

"అబద్ధమా! నేనెందుకాడతానయ్యా? ముందు ఆ లైను మార్చు. గుర్తున్న నంబరు రాయమాక. అక్కడ ఏముందో అడిగి తెచ్చుకో." అని పెన్సిలు తీసుకుని తన పనిలో పడ్డారు.

ఆమెది గొప్ప మనసని ఏళ్ల తరబడి అందరికీ చెప్పుకున్నాను. మేడం ఉద్యోగం మారి విశాఖ వెళ్లేటప్పుడు ఆ తోరణం పారేస్తుంటే, గుర్తుగా ఉంటుందని అడిగి కవరులో దాచుకున్నాను. ఇవాళ ఆ పెన్సిలు వాసనకి లేచి వెళ్లి, మొదటిసారి చీటీలు ఒక్కొక్కటీ చదివాను. ఒకదాని మీద ఆ ఆసుపత్రి పేరు, పక్కన 'కనెక్షన్ టైము: 60', కింద చిన్న అక్షరాల్లో 'కుర్రాడి ఫైల్లోనూ ఇదే ఉంది. అసలు సెట్టింగు నేను తెరిచి చూడలేదు' అని ఉంది.

ఆమె ఆ రోజు నన్ను కాపాడటానికి ఏదీ కల్పించలేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆ చీటీ మానిటర్ అంచున, నా కళ్లెదుటే, ఎన్నాళ్లో వేలాడింది. నేనే ఒక్కసారి కూడా చూడలేదు.