గోటి కింద పచ్చ

మా మేస్త్రి పెంచిన పొట్టి చింతచెట్టుకి ఎవరో బంగారు రంగు కొట్టారు. నందిగామలో హైవే పక్కన ఉన్న ఒక కల్యాణ మండపంలో. ఆకుకీ, కొమ్మకీ, మానుకీ, ఆఖరికి మొదట్లో ఉన్న నాచుకి కూడా స్ప్రే కొట్టి, ఏసీ గాలి తగిలే చోట స్టేజీ పక్కన నిలబెట్టారు. నేను చూసేనాటికి మేస్త్రి పోయి పన్నెండు రోజులు.

ఆయన పోయిన సంగతి చాలామందికి తెలియదు. పేపర్లో పడే మనిషి కాదు. జగ్గయ్యపేటలో ముప్పై ఐదేళ్ళు తాపీ పని చేశాడు. ఈ చుట్టుపక్కల మీరు ఆనుకుని నిలబడ్డ గోడల్లో కొన్నయినా ఆయన కట్టినవే అయ్యుంటాయి. ఒకరోజు పొద్దున చెట్లకి నీళ్ళు పోసి, డాబా మీద పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. పాలుపోసే మనిషి చూసి చెప్పాడట.

నాకు ఫోన్ వచ్చేసరికి మైలవరంలో పరంజా మీద ఉన్నాను. ముందు గమేళా నిండా సిమెంటు మాలు కలిపి ఉంది. "కలిపిన మాలు పారబోసేవాడు మేస్త్రి కాదు" అనేవాడు ఆయన. అందుకని ఆ గోడ పూర్తిచేశాను. తాపీ కడిగాను. తర్వాత బస్సెక్కాను. చేరేసరికి తీసుకెళ్ళిపోయారు. ఆయన నేర్పిన పద్ధతి పాటించి ఆయన్ని చూసుకోలేకపోయాను. దీనికి ఎవరి మీద కోప్పడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఊళ్ళో ఆయన్ని పొట్టి చెట్ల మేస్త్రి అనేవాళ్ళు. పాతింటి పిట్టగోడల్లోనో, నీళ్ళ ట్యాంకు పక్కనో జువ్వి మొలిచి గోడ పగులుతుంటే జనం ఆయన్ని పిలిచేవాళ్ళు. వేరే వాళ్ళయితే యాసిడ్ పోసి చంపుతారు. ఈయన ఉలి తీసుకుని వేరు చుట్టూ ఇటుక వెంట ఇటుక ఊడదీసేవాడు. ఒక పూట పని రెండు రోజులయ్యేది. చెట్టుని తడిగోనెలో చుట్టి పక్కన పెట్టుకుని, ఆ గోడ మళ్ళీ కట్టి, ఇంటివాళ్ళు అడక్కపోయినా సున్నం కూడా వేసి వచ్చేవాడు. తీగ జాలీ పెట్టి లోతు లేని పళ్ళేలు సిమెంటుతో తనే పోసుకునేవాడు. అలాంటి పళ్ళేల్లో, అద్దెకున్న రెండు గదుల డాబా మీద, నలభై దాకా చెట్లు. మోకాలు దాటిన చెట్టు ఒక్కటీ లేదు.

దాన్ని బోన్సాయ్ అంటారని నేనే ఫోన్లో చూసి చెప్పాను. "పేరేదైతే ఏందమ్మాయ్, నీళ్ళు పొయ్యాలిగా" అన్నాడు.

నేను ఆయన దగ్గరకి తట్టలు మొయ్యడానికి వచ్చాను. ఆడవాళ్ళకి తట్టే ఇస్తారు, తాపీ ఇవ్వరు. పదేళ్ళు మోసినా తట్టే. ఒకరోజు మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే నేను ఒక మూల గోడకి దొంగతనంగా మాలు కొట్టి చూస్తున్నాను. ఆయన వెనకే నిలబడి ఉన్నాడు.

"అంత దూరాన్నుంచి కొడతావేంది? గోడ నిన్ను కరవదులే" అన్నాడు. తన తాపీ నా చేతిలో పెట్టాడు.

పనివాళ్ళలో ఒకడు నవ్వాడు. "ఆడది కట్టిన గోడ నిలబడిద్దా మేస్త్రీ?"

"నువ్వు కట్టింది నిలబడట్లా? ఇదీ నిలబడిద్ది" అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అప్పట్నించీ నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచాను.

ఆ చింతచెట్టు వత్సవాయి దారిలో ఒక రైతు గుట్టచెలకలో దొరికింది. సున్నపురాతి పగులులో వేరు ఇరుక్కుపోయి, మొలిచిన ఆకు మొలిచినట్టే మేకలు కొరికేసి, నలభై ఏళ్ళ వయసుకి నా మోకాలెత్తు ఉంది. మాను మాత్రం నా తొడంత. రైతుని అడిగితే నవ్వాడు. "ఎప్పటికైనా ప్లాట్లయ్యే నేలే, పొక్లెయిన్ కింద పడేదాన్ని నువ్వు తీసుకుపోతే నాకేంది" అన్నాడు.

నేను ఆ ఆదివారమే తెచ్చేద్దామన్నాను. ఆయన మూడు వానాకాలాలు పట్టించాడు. మొదటి ఏడు ఒక పక్క మాత్రం రాయి చీల్చి, లావు వేళ్ళు కోసి, మెత్తటి మట్టి నింపి వదిలేశాం. రెండో ఏడు రెండో పక్క. కోసిన చోట సన్నవేళ్ళు పుట్టాక, మూడో ఏడు తొలకరి పడ్డ మర్నాడు పైకి లేపాం. "గోడకీ చెట్టుకీ తొందర పనికిరాదు" అంటూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ట్రాలీ ఆటోలో వచ్చాడు.

బయల్దేరే ముందు ఆ గుంటని పూడ్చి, జేబులోంచి రెండు చింతగింజలు తీసి నాటాడు. చెట్టు తీసిన ప్రతిచోటా ఆ జాతి గింజే నాటేవాడు.

"ఎట్టాగూ ప్లాట్లు పడతయ్ గదా బాబాయ్, గింజెందుకు?" అన్నాను.

"వాళ్ళ పని వాళ్ళది. తవ్విన గుంట మనది. నోరు తెరిచి ఉంచగూడదు."

ఒక చెట్టుని నేను చంపాను. అది కూడా రాయాలి. కొత్తగా తవ్వి తెచ్చిన బలుసు అది. ఆయన వారం రోజులు ఖమ్మంలో కూతురి దగ్గరకి వెళ్తూ "తడి ఆరనీకు" అని చెప్పాడు. నాకు తెలిసిన తడి ఒక్కటే, కొత్త స్లాబుని నానబెట్టే క్యూరింగ్. పళ్ళెం చుట్టూ మట్టికట్ట పోసి నీళ్ళు నిలబెట్టాను. మానుకి గోనె చుట్టి రోజుకి మూడుసార్లు తడిపాను. ఎండలో, పని మానుకుని మరీ. ఆయన వచ్చి గోనె విప్పి, మాను మీద గోటితో చిన్నగా గీరాడు. లోపల గోధుమరంగు.

"చెట్టు ఉందో పోయిందో గోటితో అడగాలి. పచ్చగా ఉంటే ఉన్నట్టు" అన్నాడు. గోనె మడతపెడుతూ, "స్లాబు నీళ్ళు తాగితే గట్టిపడిద్ది. దీనికి ఊపిరి గావాలమ్మాయ్. తప్పు నీది గాదు. క్యూరింగు నేర్పినోడ్ని, తడంటే నువ్వేమనుకుంటావో నాకు తెలియొద్దూ" అన్నాడు. ఆ ఎండు బలుసుని ఏడాదిపాటు పిట్టగోడ మీదే ఉంచాడు. నన్ను దెప్పడానికేమో అనుకునేదాన్ని. ఒకరోజు చూస్తే దానికీ ఒక చెంబు పోస్తున్నాడు.

ఇక మండపం సంగతి. దాని ప్రహరీ కట్టింది మేస్త్రే. యజమాని ఆయన డాబా ఎక్కి చింతచెట్టు చూశాడు. ఇంట్లో పెళ్ళుంది, రెండ్రోజులు స్టేజీ పక్కన పెట్టుకుంటానన్నాడు. తాపీ కూడా అరువివ్వని మనిషి చెట్టు ఇచ్చాడు. నేను గొడవపడ్డాను.

"పదిమంది చూస్తార్లేమ్మాయ్" అన్నాడు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ యజమాని వచ్చేదాకా ఇన్నేళ్ళలో ఆ డాబా మెట్లెక్కి ఆ చెట్లని చూసినవాళ్ళు ఎంతమంది? నేను. పాలుపోసే మనిషి. అంతే.

పెళ్ళయింది. చెట్టు తిరిగి రాలేదు. ఆ వారంలోనే ఆయన పోయాడు. కూతురు వచ్చి కార్యం జరిపించి, వెళ్తూ డాబా తాళం నా చేతికిచ్చింది. "నాకు తులసి మొక్క కూడా బతకదు చెల్లీ. అన్నీ నువ్వే చూసుకో, ఆ మండపంలో దాంతో కలిపి" అంది. ఆ మర్నాడే నేను నందిగామ వెళ్ళాను.

యజమాని కుర్చీలోంచి లేవలేదు. "ఎవరమ్మా నువ్వు?"

"మేస్త్రి గారి దగ్గర పనిచేశానండి. చెట్టు కోసం వచ్చా."

"తట్టలు మోసేదానివా? చెట్టుతో నీకేం పని? ఆయన నాకు ప్రేమగా ఇచ్చాడు."

"రెండ్రోజులకిచ్చాడండి."

"కాగితం ఉందా?"

మేనేజరు కలగజేసుకున్నాడు. "రంగు మేం వెయ్యలేదమ్మా, డెకరేషన్ వాళ్ళు. ఫోటోల్లో మెరుస్తదని."

నేను దాని దగ్గరకి నడిచాను. సగం ఆకు కింద రాలి ఉంది, బంగారు రంగుతోనే. మట్టి పొడిపొడిగా ఉంది. నాచు కింద ఎవరో పారేసిన వక్కపొడి కాగితం. మాను మీద గోటితో గీరాను. బంగారం లేచింది, బెరడు లేచింది, కింద పచ్చగా ఉంది. ఎంత పచ్చగా అంటే, నేను వెంటనే వెనక్కి తిరిగి "బాబాయ్, చూడు" అనబోయాను. వెనక కుర్చీలు మడతపెడుతున్న మనుషులున్నారు.

చెట్టు ఇవ్వలేదు, మేనేజరుకి నా నంబరు ఇచ్చి వచ్చేశాను. ఇప్పుడు రోజూ పనికి పోయే ముందు డాబా ఎక్కుతున్నాను. మొక్కమొక్కకీ ఆగి పోస్తాను. ఆయన ఉన్నప్పుడు ఈ పని మాటల్లో అయిపోయేది. ఇప్పుడు నీళ్ళ చప్పుడొక్కటే. మొన్న ఒక జువ్వి కొత్త చిగురేసింది. చూపించడానికి ఎవరూ లేక ఫోటో తీసి ఆయన నంబరుకే పంపాను. చింతపళ్ళెం ఉండే చోట డాబా మీద నలుచదరంగా తెల్లటి మచ్చ ఉంది, చుట్టూ పాకుడు. అలవాటు మీద నా చెయ్యి అక్కడ కూడా రెండు చెంబులు పోస్తోంది. ఆ నీళ్ళు తూములోకి పోతున్నాయి.

మండపం యజమాని గారూ, మీ పేరు నేను రాయలేదు. మీరు క్షమాపణ చెప్పాలనీ అడగడం లేదు. కాగితం లేదు. మీ ప్రహరీ ఉంది, అది కట్టిన చేతులే ఆ చెట్టుని రాతిలోంచి తీశాయి. రంగుతోనే ఇవ్వండి, నేను కడుక్కుంటాను. నా నంబరు మీ మేనేజరు దగ్గరుంది. మిగిలిన ఆకు కూడా రాలేలోపు దానికి ఎండ తగలాలి. ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటో మీ గేటు ముందు ఉంటుంది. గేటు తీస్తారో తియ్యరో శుక్రవారం సాయంత్రం ఆరింటిలోపు నాకు చెప్పండి.