డెబ్బై అయిదు సెంటీమీటర్ల సందు

మూడేళ్ళ కిందట జూన్ మొదటి వారంలో నన్ను డెల్టాలోని ఒక కాలువ పట్టణానికి వేశారు. ఊరి పేరు రాయను. నేను పనిచేసిన సంస్థ రాజమండ్రిలో ఉండేది. మునిసిపాలిటీలకు రోడ్ల నమూనాలు గీయడం, కాంట్రాక్టరు వాటి ప్రకారమే కడుతున్నాడో లేదో చూసి సర్టిఫై చేయడం మా పని. నా హోదా డిజైన్ ఇంజినీరు. నా పైన టీమ్ లీడర్ విశ్వనాథం గారు. ఆయన ప్రభుత్వంలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరై మా సంస్థలో చేరారు. నాకు అప్పుడు నాలుగో నెల. ప్రసూతి సెలవు పెట్టేలోగా పని పూర్తిచేసి అప్పగించాలని చెప్పారు. ఆ సెలవు తర్వాత నేను మళ్ళీ ఉద్యోగంలో చేరలేదు. రోడ్డు గీసేవాళ్ళు అసలు ఏం చేస్తారని అడిగేవారికి చెప్పడానికి నా దగ్గరున్నవాటిలో ఇదే చివరి అనుభవం.

పని కాలువ గట్టు రోడ్డులో కిలోమీటరు ముక్కది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క దుకాణాలు, హైస్కూలు, కూరగాయల మార్కెట్టు. హైస్కూలు పిల్లలు చాలామంది సైకిళ్ళ మీద వస్తారు కనుక దుకాణాల పక్కనే సైకిళ్ళకు విడిగా దారి వేయమన్నారు. రోడ్డు వెడల్పు పెరగదు. ఒకరికి అరమీటరు ఇవ్వాలంటే ఇంకొకరి దగ్గర తీసుకోవాలి. మేము మట్టి అంచు తీసేసి దాని చోట సైకిల్ దారి, దాని పక్కన ఎత్తుగా ఫుట్‌పాత్ గీశాం. రోడ్డు మధ్య డివైడర్ కట్టి కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలు నాటించాం. పని సాఫీగానే నడిచింది. దారి తెరిచిన మర్నాటి నుంచే మోటారు సైకిళ్ళు దాంట్లోకి వచ్చేశాయి.

వాటిని ఆపడానికి సైకిల్ దారి మొదట్లోనూ, ప్రతి సందు మలుపు దగ్గరా ఇనుప స్తంభాలు పాతుతారు. అక్కడ దారి వెడల్పు రెండు మీటర్లు. మా డ్రాయింగులో మధ్యన ఒకటే స్తంభం. దానికి అటూ ఇటూ తొంభై అయిదు సెంటీమీటర్ల చొప్పున సందు మిగులుతుంది. మేము పాటించే మార్గదర్శకాల ప్రకారం, చక్రాల కుర్చీలో వెళ్ళేవారికి కనీసం తొంభై ఉండాలి. తొంభై అయిదులోంచి బైకు కూడా హాయిగా దూరుతుంది.

ఆగస్టు మొదట్లో ఒక బైకు ఏడో తరగతి అమ్మాయిని సైకిల్ దారి మీదే గుద్దింది. మోచెయ్యి విరిగింది. నేను వెళ్ళేసరికి పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు. చక్రం వంగిన సైకిలు గోడకు ఆనించి ఉంది. కడుపులో బిడ్డ కదులుతోందో లేదో అని పొద్దస్తమానం పొట్ట మీద చెయ్యి పెట్టుకుని తిరిగాను. తల్లిదండ్రులు కమిషనర్ ఆఫీసు ముందు కూర్చున్నారు. బైకులు లోపలికి రాకుండా వారంలోగా ఏదో ఒకటి చేయమని మాకు కాగితం వచ్చింది.

కాంట్రాక్టరు సూపర్‌వైజరు బుల్లబ్బాయి గారు రెండు అంచులకూ పది సెంటీమీటర్లు లోపలగా ఇంకో రెండు స్తంభాలు వేద్దామన్నారు. అప్పుడు సందు డెబ్బై అయిదుకు తగ్గుతుంది, బైకు హ్యాండిలు పట్టదు. వాటితో బైకులు ఆగుతాయా అని నేను నసుగుతుంటే ఆయన నవ్వారు.

"మేడం గారండీ, మన ఊళ్ళో బైకోడు నిజంగా ఆగాలంటే ఎదురుగా వాడి మామగారు రావాలండి. రోజూ మామగార్ని ఎక్కడ తెస్తాం? స్తంభాలే దిక్కు."

చక్రాల కుర్చీ మాటేమిటని అడిగాను. ఒకచోట స్తంభాలు పాతించి, ఆస్పత్రి నుంచి ఒక కుర్చీ తెప్పించారు. ఆరో నెల పొట్టతో నేనే అందులో కూర్చున్నాను. బుల్లబ్బాయి గారు వెనక నుంచి నెట్టారు. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కుర్చీ రెండు పక్కలా అయిదేసి వేళ్ళ ఎడంతో దాటింది. ఫొటో తీశాం. "స్థలంలో పరీక్షించి చూశాను, వికలాంగుల రాకపోకలకు ఆటంకం లేదు" అని రాసి సంతకం చేశాను. తొంభైకి తక్కువ ఉండకూడదని నాకు తెలుసు. కుర్చీ పట్టింది కదా అనుకున్నాను. మోచెయ్యి విరిగిన పిల్ల తప్ప అప్పుడు నా బుర్రలో ఇంకేమీ లేదు.

స్తంభాలన్నీ పాతిన పది రోజుల తర్వాత కొలతల పుస్తకం రాయడానికి వెళ్ళాను. కట్టిన పని ఎంతో అందులో ఎక్కించాకే కాంట్రాక్టరుకు బిల్లు వెళుతుంది. తూర్పు చివర స్తంభాల ముందు చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఒకటి ఆగి ఉంది. అందులో నలభై అయిదేళ్ళావిడ కూర్చుని ఉన్నారు. కాళ్ళ దగ్గర చీరల మూట. పేరు రత్నమ్మ. చిన్నప్పుడు పోలియో వచ్చింది. రోడ్డు చివరి కాలనీలో లూథరన్ చర్చి పక్కన ఇల్లు. మార్కెట్టు దాటాక ఉన్న బట్టల కొట్టు నుంచి చీరలు తెచ్చి ఫాల్స్ కుట్టి, పీకో చేసి, మర్నాడు తిరిగి ఇచ్చేస్తారు.

"మీరేనా అండి ఇవి పాతించింది?" అని అడిగారు.

అవునన్నాను.

"నా బండి కొలిచారా?"

ఆస్పత్రి చక్రాల కుర్చీలో నేనే కూర్చుని పరీక్ష చేశామని, ఫొటో కూడా తీశామని చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూశారు.

"ఆస్పత్రి కుర్చీలో కూర్చుని బజారుకెవరొస్తారండీ? దాంట్లో ఆస్పత్రికెళ్ళాక కూర్చుంటారు. నెట్టేవాళ్ళుంటే కూర్చుంటారు. ఈ ఊళ్ళో మాలాంటోళ్ళు పదిహేను మంది ఉంటారు, అందరివీ ఇవే బళ్ళు. మీరు కూర్చున్నారు, ఫొటో దిగారు, లేచి నడిచెళ్ళిపోయారు. ఇప్పుడు నేనెటెళ్ళాలో చెప్పండి."

నేను టేపు తీసి కొలిచాను. వెనక చక్రాల ఇరుసు చివర నుంచి చివరకు ఎనభై ఆరు. మొదటి డ్రాయింగు ప్రకారమే ఉండి ఉంటే ఆవిడ జాగ్రత్తగా దాటగలిగేవారు. ఫుట్‌పాత్ ఎక్కలేరు. ఇదివరకు వెళ్ళిన మట్టి అంచు మేము తీసేశాం. మిగిలింది లారీలు పోయే రోడ్డే. పది రోజులుగా ఆవిడ దాని మీదే వెళుతున్నారు. ముందురోజు వెనక నుంచి వచ్చిన ఇసుక లారీ హారన్ కొడితే బెదిరి డివైడరుకు గుద్దుకున్నారట. మూట జారి రోడ్డు మీది బురదలో పడింది. ఇంకోసారి ఇలా అయితే పని వేరేవాళ్ళకు ఇస్తానన్నారు కొట్టు షావుకారు.

ఆ రాత్రి రాజమండ్రి వెళ్ళే బస్సులో కూర్చుని ఎనభై ఆరు, డెబ్బై అయిదు, తొంభై అయిదు అని లెక్క మార్చి మార్చి వేశాను. ఆవిడ బండి పట్టే ఏ సందులోంచైనా బైకు పడుతుంది. బైకును ఆపే ఏ సందైనా ఆవిడను ఆపుతుంది. మధ్యలో వేరే కొలత లేదు.

మర్నాడు విశ్వనాథం గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"స్తంభాలు పీకేస్తే రేపు ఇంకో పిల్లకి దెబ్బ తగుల్తుందమ్మా. అప్పుడెవరిది బాధ్యత? నువ్వొచ్చి చెప్తావా వాళ్ళమ్మకి?"

మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆ మాట దాచకుండా రత్నమ్మగారికే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, విసుక్కున్నారు.

"అసలు బైకులోళ్ళు దీంట్లోకెందుకొస్తున్నారో చూశారా అండి? రోజూ రోడ్డు మీదుండేదాన్ని, నాకు తెలుసు. మార్కెట్లోంచి బయటికొచ్చి బస్టాండు వైపెళ్ళాలంటే డివైడరు అడ్డం. వంతెన దాకా వెళ్ళి తిరిగి రావాలి. పెట్రోలెవడికి ఊరికే వస్తుందండీ? అందుకని ఎదురు దార్లో మీ సైకిల్ దార్లోంచి పోతారు. దారి మీరే మూసేసి, వాళ్ళెందుకొస్తున్నారంటే ఎలా?"

తర్వాతి మూడు రోజులు పొద్దున్నే మార్కెట్టు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏ బైకు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అని గీతలు గీశాను. మొదటిరోజే ఆవిడ చెప్పింది నిజమని తేలింది. ఇంకా వస్తున్నవాటిలో ఎక్కువ భాగం స్తంభాలు లేని మార్కెట్టు గేటు దగ్గర ఎక్కి, మొదటి డివైడరు ఖాళీ దగ్గర దిగిపోతున్నాయి. చిన్న స్కూటీలైతే డెబ్బై అయిదులోంచి కూడా అద్దాలు మడుచుకుని దూరిపోతున్నాయి. అంటే స్తంభాలు పూర్తిగా ఆపింది రత్నమ్మగారి లాంటివాళ్ళనే.

డివైడరును మార్కెట్టు ఎదుట తెరవాలి, అంచు స్తంభాలు తీసేయాలి. నా ప్రతిపాదన ఇంతే. డివైడరు తెరవడానికి ట్రాఫిక్ పోలీసుల అనుమతి కావాలి. అక్కడి మొక్కల ముందు నాయకులు అప్పటికే ఫొటోలు దిగారు కనుక పీకించడానికి మునిసిపాలిటీ ఇంజినీరుకు ఇష్టం లేదు. విశ్వనాథం గారు నా గీతల కాగితాలు రెండుసార్లు తిరగేశారు. ఆయన పాతకాలం మనిషి. ఫైలు ఎలా నడుస్తుందో ఆయనకు బాగా తెలుసు.

"కొత్త డ్రాయింగు పెట్టాలంటే పాత సర్టిఫికెట్ తప్పని ఫైల్లో ఉండాలమ్మా. అది నువ్వు రాసిందే. మళ్ళీ నువ్వే రాయాలి, నేను రాయకూడదు. అదీ సెలవుకి ముందు, నీ ఉద్యోగం కాంట్రాక్టు రెన్యూవల్ ముందు. ఆలోచించుకో."

రెండు రోజులు ఆలోచించాను. ఇంటి అద్దె, కాన్పు, ఆ తర్వాత నెలలు. మా వారి జీతం ఒక్కటే చాలదు. రాయకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. నేను సెలవులోకి వెళతాను, ఫైలు మూసేస్తారు, ఆవిడ రోజూ లారీల ముందు వెళుతుంటారు. మూడోరోజు పొద్దున ఆఫీసులో అడుగు పెట్టగానే, కూర్చుంటే మనసు మారుతుందేమోనని నిలబడే రాశాను. "పరీక్షకు వాడిన చక్రాల కుర్చీ ఈ రోడ్డు మీద వాడుకలో ఉన్న బండి కాదు. తొంభై సెంటీమీటర్లకు తక్కువగా సందు తగ్గించడానికి నేను ఇచ్చిన ఆమోదం పొరపాటు." విశ్వనాథం గారు కింద ఒక్క ముక్క రాశారు, "ఏకీభవిస్తున్నాను" అని. అది ఆయన రాయనక్కర్లేదు.

పోలీసుల అనుమతికి నెలన్నర పట్టింది. అది వచ్చాకే అంచు స్తంభాలు తీయాలని నిర్ణయించారు. ఆ నెలన్నరా ఫోను మోగితే చాలు, రత్నమ్మగారికేదో అయిందని ఉలిక్కిపడేదాన్ని. ఏమీ కాలేదు. కాకపోవడం మా గొప్ప కాదు. అక్టోబరులో డివైడరు తెరిచారు. మర్నాడే బుల్లబ్బాయి గారు గ్యాస్ కట్టరుతో అంచు స్తంభాలు మొదలంటా కోయించారు. బైకులు పూర్తిగా ఆగలేదు. బాగా తగ్గాయి. సెలవుకు ముందు చివరిసారి వెళ్ళినప్పుడు రత్నమ్మగారు చీరల మూటతో సందులోంచి దాటుతూ కనిపించారు. చక్రం ఇరుసు స్తంభానికి కాస్త రాసుకుంది. "ఇంకో నాలుగు వేళ్ళుంటే బావుండేదండి" అని వెళ్ళిపోయారు.

నా కాంట్రాక్టు పొడిగించలేదు. నేను రాసిన నోటు వల్లనేనని ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు.

ఇప్పుడెవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. డ్రాయింగులో సందు వెడల్పు రాసే ముందు ఆ దారిన రోజూ పోయే బళ్ళన్నీ టేపు పెట్టి కొలవాలి. వాటిలో కూర్చునేవాళ్ళు ఎక్కడికి, ఎందుకు వెళుతున్నారో అడగాలి. అది ఒక్క పూట పని. ఆ స్తంభాలు పాతేలోగా నా చేతిలో రెండు నెలలున్నాయి, నేను ఆ పూట పెట్టలేదు.