మా పెళ్ళికి అడ్డొచ్చిన టూలు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పాండిచ్చేరిలో ప్రోగ్రాములు రాసే కుర్రాళ్ళు కొత్తవాడు కనబడితే ముందు నువ్వు వాడే టూలు ఏదని అడిగి, ఆ తర్వాతే ఊరూ పేరూ అడిగేవాళ్ళు. ప్రోగ్రాము రాయడానికీ అందులో తప్పులు వెతకడానికీ పనికొచ్చే సాఫ్ట్‌వేరునే మేం టూలు అనేవాళ్ళం. అవి తయారుచేసే రెండు కంపెనీలు మద్రాసు నుంచి మా ఆఫీసుకు మనుషుల్ని పంపేవి. ఒకాయన నీలం టీషర్టులు పంచితే, రెండో ఆయన ఎర్రవి పంచి పైన బిర్యానీ పెట్టించేవాడు. నేను నీలం పక్షం, నాతోపాటే పనిచేసే మా మేనమామ కొడుకు ఎరుపు. (బిర్యానీ మాత్రం ఇద్దరమూ తిన్నాం.)

మా ఊరు ఏంబలం నుంచి ఇద్దరం ఒకే బండి మీద వచ్చేవాళ్ళం. దారి పొడుగునా ఇదే వాదన. "నీ టూలు తెరుచుకునేలోపల టీ తాగి రావచ్చు బావా" అని నేనంటే, "నీది తెరుచుకున్నా చేసేదేంది రా?" అనేవాడు. చివరికి నన్ను బండి ఎక్కించుకోవడం మానేశాడు. బస్సులున్నాయిలే అనుకోవచ్చు. కానీ వాళ్ళ చెల్లెల్ని నాకివ్వాలని పెద్దలు మాట్లాడుకుంటున్నారు, ఆ పిల్లంటే నాకు ప్రాణం. బావేమో ఇంట్లో అడ్డం తిరిగాడు. "వానికి బుద్ధి లేదు నాయనా, ఇంకా ఆ నీలందే వాడతా ఉండాడు." సేద్యం తప్ప మరొకటి ఎరగని మామ గాబరాగా వచ్చి మా అమ్మను పక్కకు పిలిచాడు. "అక్కా, పిల్లోనికి ఏందో అలవాటు ఉండాదంట గదా. మాన్పించలేమా?" అమ్మ ఏడుపు అందుకుంది. నేను మాత్రం "పెళ్ళైనా మానుకుంటా గానీ అది మానను" అన్నాను. ఎంత పౌరుషం! ఆ కంపెనీ వాళ్ళకు నా పేరైనా తెలియదు.

మరదలికి వేరే సంబంధాలు చూడడం మొదలెట్టారు. నాకు అన్నం సహించలేదు. అలాంటి ఒక పొద్దున ఆ సేల్స్ వాళ్ళిద్దరూ ఒకే కారులోంచి దిగారు, ఒకే రకం పచ్చ టీషర్టులు వేసుకుని. మూడో కంపెనీ ఏదో వచ్చి రెండింటినీ కొనేసిందట. "ఇంక నీలం లేదు, ఎరుపు లేదు సార్, అంతా ఒకే ఫ్యామిలీ" అని భుజాల మీద చేతులేసుకుని నవ్వారు. బావా నేనూ మొహాలు చూసుకున్నాం. సాయంత్రం బావ బండి తెచ్చి నా ముందు ఆపాడు. "సెరి, ఎక్కు రా. నువ్వు ఆ అలవాటు మానేసినావని నాయనకు నేనే చెప్తా."

అలా, లేని వ్యసనం మానేసిన మంచివాడిగా పెళ్ళిపీటలెక్కాను. ఆ టూళ్ళు ఇప్పుడు వెతికినా దొరకవు. మొన్న మా ఆఫీసులో ఇద్దరు పిల్లలు ఏదో కొత్త టూలు కోసం గొడవపడుతుంటే, పెద్దవాణ్ణి కదా అని తగువు తీర్చడానికి వెళ్ళాను. కాసేపటికి ముగ్గురం అరుచుకుంటున్నాం, అందులో నా గొంతే పెద్దది.